రోబోకి నేను పెట్టిన బొట్టు

రోబోటిక్స్ టీమ్‌లో చేరాక మొదటి మూడు వారాలు నేను చేసిన పనల్లా వైర్లు చుట్టి డబ్బాల్లో సర్దడం. పొడుగువి ఒక డబ్బా, పొట్టివి ఒక డబ్బా, తెగిపోయినవి ఇంకో డబ్బా. ప్రోగ్రామర్లు కావాలని నోటీసు బోర్డు మీద చూసి వెళ్ళినదాన్ని. అప్పుడు నాది ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గుంటూరు దాటాక మిరప చేల మధ్య కట్టిన కాలేజీ. సాయంత్రం కాలేజీ బస్సు దిగి బ్రాడీపేటలో హాస్టల్‌కి నడుస్తూ, ఇవాళ ఏం నేర్చుకున్నావే అని నన్ను నేనే అడుక్కునేదాన్ని. ముడిపడకుండా వైరు చుట్టడం నేర్చుకున్నాను. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అసలు నన్ను చేర్చుకోవడమే విచిత్రంగా జరిగింది. టీమ్ కెప్టెన్ ఆఖరి సంవత్సరం కుర్రాడు, ప్రత్తిపాడు వైపు మిరప రైతుల బిడ్డ. మామూలుగా మాట్లాడినా అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి పిలుస్తున్నట్టే ఉంటుంది. ఇంతవరకు ఏమేం ప్రోగ్రాములు రాశావని అడిగాడు. క్లాసులో అందరిచేతా మొదట రాయించేదే, నక్షత్రం గుర్తులతో త్రిభుజం వచ్చేది రాశానని చెప్పాను. ల్యాబ్‌లో ఉన్న కుర్రాళ్ళంతా ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరంతా పుట్టగానే రోబోలు చేశారా అని అడిగేశాను. ఇక వెళ్ళిపోవడమే మిగిలిందనుకుంటూ బ్యాగు తీసుకుంటుంటే, కెప్టెన్ కాగితం మీద నా పేరు రాసుకుంటూ, "నోరుంది. పనికొస్తది," అన్నాడు.

టీమ్‌లో నేను కాక నలుగురు. కెప్టెన్ ఒకడు. ప్రోగ్రాములన్నీ రాసే మూడో సంవత్సరం సీనియర్ ఇంకొకడు. చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లుండేవి, అవి తీశాడంటే ఏదో ముఖ్యమైన మాట చెప్పబోతున్నాడని అర్థం. మోటార్లు, చక్రాలు, రేకు పని చూసుకునే అబ్బాయి మూడోవాడు. నాలుగోది నా ఈడుదే, సీసం కరిగించి బోర్డుల మీద అతుకులు వేసే సోల్డరింగ్ అంతా తనదే. ప్రకాశం జిల్లా పిల్ల. వాళ్ళ నాన్న మిరపా పొగాకూ వేస్తాడు. మా హాస్టల్లోనే పై అంతస్తులో ఉండేది. ఆ కాలే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే దాని చెయ్యి ఇసుమంతైనా వణికేది కాదు. నన్ను చూసి నవ్వనిది ఆ నలుగురిలో అదొక్కతే, అందుకే ముందు దానితోనే స్నేహం కుదిరింది.

మా రోబో చెప్పుల పెట్టెంత బండి. తెల్లటి ఫ్లెక్స్ మీద నల్లటి గీత మెలికలు తిరుగుతూ పోతుంది. బండి తనంతట తాను ఆ గీత వదలకుండా చివరిదాకా వెళ్ళాలి. ముందు భాగాన, నేలకి వేలెడు ఎత్తులో, కిందికి చూస్తూ ఎనిమిది సెన్సార్లు వరసగా ఉంటాయి. ఏ సెన్సార్ కింద నలుపుందో ఏ సెన్సార్ కింద తెలుపుందో చూసుకుని బండి మలుపు తిరుగుతుంది. మొదటి రోజున ప్రోగ్రాం సీనియర్ హెడ్‌ఫోన్లు తీసి, బండిని వెల్లకిలా తిప్పి చూపించి, "ఇవే దీని కళ్ళు," అన్నాడు. ఆ మాటని నేను ఉన్నదున్నట్టు నమ్మాను. తర్వాత జరిగిందంతా ఆ నమ్మకం వల్లే జరిగింది.

పోటీ తాడేపల్లి దగ్గర ఒక కాలేజీలో, దసరా సెలవులయ్యాక వచ్చే శనివారం. టీముకి నలుగురినే రానిస్తారు. నేను ఐదోదాన్ని కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు. నా స్నేహితురాలికి మాత్రం ఆ పోటీ ప్రాణంతో సమానం. వాళ్ళ నాన్న దాన్ని ఇంజనీరింగ్‌లో చేర్పించాడే గాని, అది అక్కడ ఏం చేస్తుందో ఆయనకి ఏనాడూ అర్థం కాలేదు. ఆడపిల్ల చేతులకి ఆ కాలిన మచ్చలేమిటని ప్రతి సెలవులకీ గొడవ. ఈసారి చేలో పురుగుమందు కొట్టడం ఒక రోజు ఆపి, తాడేపల్లి వచ్చి చూస్తానన్నాడట. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు దాని మొహం వెలిగిపోయింది. నాన్న వస్తే బండి కింద ఉన్న బోర్డు తిప్పి చూపించి, ఇదంతా నేనే చేశానని చెప్పాలని దాని ఆశ.

కెప్టెన్ ఒక నియమం పెట్టాడు. కిందటేడు పోటీ మధ్యలో ఒక వైరు ఊడిపోయి బండి నిలబడిపోయిందట. అందుకని ఈసారి ఆఖరి టెస్టులో ఎవరి పని వల్ల బండి ఆగితే వాళ్ళు పోటీకి రారన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. అందరికన్నా గట్టిగా ఒప్పుకున్నది నా స్నేహితురాలే.

దసరా సెలవులివ్వబోయే ముందు మా కాలేజీలో ఆయుధ పూజ చేస్తారు. వర్క్‌షాప్‌లో లేత్ మిషన్లకి బొట్లు, కంప్యూటర్లకి బొట్లు, కాలేజీ బస్సుల చక్రాల కింద నిమ్మకాయలు. కిందటేడు బండి ఆగిపోవడానికి పూజ సరిగ్గా చేయకపోవడం కూడా ఒక కారణమని కెప్టెన్ మనసులో ఉండిపోయింది. పైకి మాత్రం ఒప్పుకోడు. వైర్లు చుట్టుకుంటున్న నా దగ్గరికి వచ్చి, "మీ నాన్నగారు పూజారంట కదా. నువ్వు చేస్తే పద్ధతిగా ఉంటది," అన్నాడు.

ఆ మాటకి నాకెంత సంతోషం కలిగిందో చెప్పాలంటే మా ఇల్లు చెప్పాలి. చీరాల పక్కన చిన్న ఊళ్ళో మా నాన్నగారు గుళ్ళో అర్చకులు. మంత్రాలు తమ్ముడికి నేర్పారు, నాకు నేర్పలేదు. నేను పూలు కోసేదాన్ని, వత్తులు చేసేదాన్ని, సానరాయి మీద గంధం తీసేదాన్ని. నా గంధం చిక్కగా ఉంటుందని, ఎండినా రాలదని నాన్నగారు వచ్చినవాళ్ళతో చెప్పేవారు. గర్భగుడి గడప అవతల నిలబడి అందించడమే నా వంతు. ఇరవై ఏళ్ళకి మొదటిసారి, పూజ నువ్వే చెయ్యమని ఎవరో అన్నారు. పైగా ఆ టీమ్‌లో నాకు బాగా తెలిసిన పని చెయ్యమని అడగడం కూడా అదే మొదలు.

నాన్నగారికి ఫోన్ చేశాను. అక్కడ మగపిల్లలెవరూ లేరా అని అడుగుతారనుకున్నాను గాని అడగలేదు. ఏది ముందు ఏది వెనక అన్నీ వరసగా చెప్పి, చివర్న, "యంత్రమైనా సరే, ముందు దాని ముఖం ఎక్కడో చూసుకోమ్మా. ముఖాన బొట్టు లేకుండా మాత్రం వదలకు," అన్నారు.

హాస్టల్ ఆవిడ దగ్గర సానరాయి, గంధపు చెక్క అడిగి పుచ్చుకున్నాను. పూజ రోజున అందరికన్నా ముందే ల్యాబ్‌కి వెళ్ళి, నేల తుడిచి ముగ్గేసి, గంధం తీశాను. బండికి ముఖమెక్కడ అని ఆలోచించాను. కళ్ళెక్కడుంటే ముఖం అక్కడే కదా. వెల్లకిలా తిప్పి, ఆ ఎనిమిది కళ్ళనీ చూసి, వరస మధ్యలో రెండు చోట్ల చిక్కటి గంధం దిద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. తర్వాత మామూలుగా తిప్పి పైన కూడా పెట్టి, బంతిపూల దండ వేశాను. మిగతావాళ్ళు వచ్చేసరికి బండి పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. కింద ఏం చేశానో ఎవరూ చూడలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. కెప్టెన్ కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ప్రోగ్రాం సీనియర్ హెడ్‌ఫోన్లు తీసేసి మరీ హారతి కళ్ళకద్దుకున్నాడు. ఆ రోజంతా ఎవరూ నన్ను వైర్లు చుట్టమనలేదు.

సెలవుల్లో బంధువులతో వాడరేవు సముద్రానికి వెళ్ళాం. అందరూ నీళ్ళలో గంతులేస్తుంటే నేను మా పిన్నికి ఇసుకలో గీత గీసి బండి ఎలా నడుస్తుందో చెప్పాను. నువ్వే చేశావా అని అడిగింది. అందరం కలిసి చేశాం అన్నాను.

సోమవారం కాలేజీ తెరిచారు. దండ తీసేసి, పైనున్న బొట్లు గుడ్డతో తుడిచి, బండిని ఫ్లెక్స్ మీద పెట్టారు. రెండడుగులు సరిగ్గా వెళ్ళి మలుపు రాగానే తాగినవాడిలా తూలి గీత దాటిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. ప్రోగ్రాంలో తప్పేమోనని సీనియర్ ఆ రోజంతా వెతికాడు. సెలవుల ముందు బాగా నడిచిన ప్రోగ్రాం అదే, అక్షరం కూడా మారలేదు. మంగళవారం పొద్దున హెడ్‌ఫోన్లు తీసి నన్ను పిలిచి, ఎనిమిది సెన్సార్లూ ఏ అంకె చూపిస్తున్నాయో లాప్‌టాప్ మీద కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రాం రాయమన్నాడు. తెలుపు మీద చిన్న అంకె రావాలి, నలుపు మీద పెద్ద అంకె రావాలి.

పది పన్నెండు లైన్లు ఉంటాయేమో. పొద్దున్నుంచి భోజనాల దాకా పట్టింది నాకు. తెర మీద ఎనిమిది అంకెలు మెరిసేసరికి సీనియర్‌ని కేకేశాను. బండిని చేత్తో పట్టుకుని గీత మీదుగా అటూ ఇటూ జరిపాం. ఆరు అంకెలు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి. మూడోది, ఆరోది మాత్రం నలుపు మీదున్నా తెలుపు మీదున్నా ఒకే చిన్న అంకె చూపిస్తూ కూర్చున్నాయి. టీమ్ కోసం నేను మొట్టమొదట రాసిన ప్రోగ్రాం తప్పెక్కడుందో పట్టేసింది. సీనియర్ నా వీపు తట్టాడు.

తప్పు పట్టుకున్నామని నేను సంబరపడుతుంటే, నా స్నేహితురాలు గోడకి ఆనుకుని నిలబడిపోయి ఉంది. ఆ సెన్సార్లని బోర్డుకి సోల్డర్ చేసింది అదే మరి. సాయంత్రం దాకా పై నుంచి ఆ రెండింటి అతుకులూ మళ్ళీ మళ్ళీ వేడి చేసింది. చూపుడు వేలు కాలింది. వేరే సెన్సార్లు తెప్పించే వ్యవధి లేదు. నాలుగున్నరకి ఆఖరి టెస్టు పెట్టారు. మొదటి మలుపులోనే బండి గీత వదిలేసింది. కెప్టెన్ రేపు మాట్లాడదాం అని వెళ్ళిపోయాడు.

బుధవారం నేను పెందలాడే మొదటి బస్సుకి వెళ్ళాను. ఇంకోసారి అంకెలు చూసుకుందామని తప్ప వేరే ఉద్దేశం లేదు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. బండిని చేతిలోకి తీసుకుని, ఫోన్ లైటు వేసి కిందినుంచి చూశాను. మూడో కన్ను మీద, ఆరో కన్ను మీద, పైనున్న కుంకుమ చాలావరకు రాలిపోయి, సన్నటి పొర ఉంది. పైపైన చూస్తే దుమ్మనుకుంటారు. గోటితో గీకాను. ఎర్రటి పొడి రాలింది, గంధం వాసన వచ్చింది.

నా గంధం చిక్కగా ఉంటుంది, ఎండినా రాలదు. ఆ రెండు కళ్ళకీ పది రోజులుగా కనిపిస్తున్నది నేల కాదు, నేను పెట్టిన బొట్టు.

అప్పుడు తొమ్మిదయింది. నేను చేసింది దాచకుండా చెబుతాను. రుమాలు తడిపి, చున్నీ అంచుతో పొడిగా ఒత్తి, ఆ రెండింటినీ అద్దంలా తుడిచేశాను. నేల మీద రాలిన పొడి కూడా తుడిచేశాను. అంకెలు చూశాను, ఎనిమిదీ బాగున్నాయి. బండి నడుస్తుంది, నా స్నేహితురాలు పోటీకి వెళ్తుంది, అందరూ సంతోషిస్తారు, ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆ పిల్లకి మేలు చేశానని కూడా అనుకున్నాను.

పది గంటలకి అందరూ వచ్చారు. బండిని గీత మీద పెట్టారు. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, చివరిదాకా వెళ్ళి ఆగింది. చక్రాల అబ్బాయి ఈల వేశాడు. నా స్నేహితురాలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కెప్టెన్ మాత్రం నవ్వలేదు.

"నిన్న ఆగింది, ఇవాళ నడుస్తుంది. అంటే అతుకు వదులుగా ఉంది. శనివారం నాడు ఏం చేస్తదో ఎవరికి తెలుసు?" అన్నాడు. తర్వాత నా స్నేహితురాలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, మాట మాటే కదమ్మా అన్నాడు. అతని గొంతు తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. దాని బదులు నన్ను తీసుకెళ్తానన్నాడు. తప్పు ఎక్కడుందో పట్టింది నా ప్రోగ్రామే కాబట్టి, అక్కడ మళ్ళీ ఇలా జరిగితే నేను ఉండటం మంచిదని అతని లెక్క. సాయంత్రం ఐదులోపు నాలుగు పేర్లూ పంపాలి.

అది బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. వెనకాలే వెళ్ళాను. నాన్నకి ఏం చెప్పనే, బస్సు టికెట్టు కూడా చేయించుకున్నాడే అని ఏడ్చింది. నా సీసాలో నీళ్ళిచ్చాను. కాలిన వేలు పట్టుకుని ఊదాను. అంతా మంచే జరుగుతుందిలే అన్నాను. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం నోరు పెగిలి బయటికి రాలేదు. సిగ్గు వల్ల అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గాని, సిగ్గు ఒక్కటే కాదు. నా పేరు ఆ నలుగురిలో ఉంది. మూడు వారాలు వైర్లు చుట్టినదాన్ని, నా ప్రోగ్రాంతో తాడేపల్లి వెళ్తాను. ఆ ఆశ ఎంత బలంగా ఉందంటే, పక్కన అది ఏడుస్తున్నా నా మనసు ఒక మూల ఏ డ్రెస్ వేసుకోవాలా అని ఆలోచించింది. ఇది రాయడానికి కూడా నాకు అసహ్యంగా ఉంది.

మధ్యాహ్నం రెండు క్లాసుల్లో కూర్చున్నాను. ఒక్క ముక్క చెవికెక్కలేదు. తుడిచేస్తే సరిపోతుందనుకున్నాను, తుడవడం వల్లే అతుకు వదులనే నింద నా స్నేహితురాలి నెత్తిన పడింది. కళ్ళు మూసుకుంటే వాళ్ళ నాన్న కనిపించేవాడు. నేనెప్పుడూ చూడని మనిషి. చేతిలో బస్సు టికెట్టుతో కనిపించేవాడు. నాలుగు దాటాక ఇక కూర్చోలేకపోయాను. క్లాసు మధ్యలోనే లేచి ల్యాబ్‌కి పరిగెత్తాను.

కెప్టెన్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఫారం నింపుతున్నాడు. నా పేరు అప్పటికే టైపు చేసి ఉంది.

"అన్నా, పంపొద్దు. బోర్డులో తప్పేం లేదు. సెన్సార్ల మీద గంధం పడింది. పూజ రోజున కింద నేనే బొట్లు పెట్టాను. అవి నేను తుడిస్తేనే బండి నడిచింది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ప్రోగ్రాం సీనియర్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు చూశావ్?" అన్నాడు కెప్టెన్.

"పొద్దున."

"పొద్దునంటే?"

"తొమ్మిదింటికి."

అతను గోడ గడియారం వైపు చూశాడు. నాలుగుంపావు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, నా నోరు నాకు తెలుసు. అతను తిట్టలేదు. నా పేరు తీసేసి నా స్నేహితురాలి పేరు పెట్టి, ఫారం పంపేసి, లేచి క్యాంటీన్‌కి నడిచాడు. కింద చూడకుండా నీ మీద వేశాను, తప్పు నాదేనమ్మా, నువ్వు వస్తున్నావు అని దానితో అతను అన్న మాట క్యాంటీన్‌లో ఉన్నవాళ్ళందరికీ వినిపించిందని తర్వాత తెలిసింది.

నేను బ్యాగు సర్దుకుంటూ, రేపటి నుంచి రావద్దు కదా అని ప్రోగ్రాం సీనియర్‌ని అడిగాను. ఇలాంటిది మళ్ళీ జరిగితే బండే మనకి చెప్పాలని, ఆ ప్రోగ్రాం శుక్రవారం లోపు రాయమని అన్నాడు. ఎవరు రాయాలి అన్నాను. బొట్టు పెట్టిందెవరు అన్నాడు. ఆ మాట అంటూ కొంచెం నవ్వాడు కూడా.

సాయంత్రం బస్సులో నా స్నేహితురాలు వేరే సీట్లో కూర్చుంది. బ్రాడీపేటలో దిగి, కోచింగ్ సెంటర్ల నుంచి వదిలిన పిల్లల గుంపులో పడి ముందు ముందు నడుస్తోంది. పరిగెత్తి కలుసుకుని, తెలియక చేశానే, పూజ అలా అవుతుందని నాకేం తెలుసే అన్నాను. అది ఆగింది.

"బొట్టు పెట్టినందుకు కాదే. మెట్ల మీద నాకు నీళ్ళిచ్చావు చూడు, వేలు ఊదావు చూడు. అప్పటికే నీకు తెలుసు."

అది హాస్టల్ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

గురు, శుక్రవారాలు నేను ప్రోగ్రాం రాస్తూనే ఉన్నాను. స్విచ్ వేయగానే బండి మొదట నిలబడిన చోటే కుడికీ ఎడమకీ ఊగుతుంది. ఆ ఊపులో ప్రతి సెన్సారూ ఒకసారి నలుపునీ ఒకసారి తెలుపునీ చూడాలి. ఏ ఒక్కటి తేడా కనిపెట్టలేకపోయినా ఎర్ర లైటు వెలుగుతుంది, బండి కదలదు. సీనియర్ రెండు చోట్ల దిద్దాడు, మిగతాదంతా నాదే. ఆ రెండు రోజులూ నా స్నేహితురాలు అదే ల్యాబ్‌లో, ఎదురు బల్ల దగ్గర, బోర్డు మీద వంగి పని చేసుకుంది. అవసరమైన మాట ఏదన్నా ఉంటే సీనియర్‌తో చెప్పించింది.

శనివారం పొద్దున వాళ్ళు నలుగురూ కాలేజీ వ్యానులో వెళ్ళారు. నేను హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. పదకొండు దాటాక ఫోన్ మోగింది. దాని పేరు చూసి చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను. అది హలో కూడా అనలేదు.

"ఎర్ర లైటు ఆరట్లేదు. సీనియర్ జడ్జీల దగ్గరున్నాడు, రెండు నిమిషాలే టైముంది. సెన్సార్లు తుడిచాను, శుభ్రంగానే ఉన్నాయి. ఏ అంకె మార్చాలి?"

నేల ఎలా ఉందని అడిగాను. ఫ్లెక్స్ కొత్తది, నున్నగా ఉంది, చక్రాలు జారుతున్నాయి అంది. అర్థమైంది. ఊగాల్సినంత ఊగట్లేదు, చివరి సెన్సార్లు గీత దాకా వెళ్ళట్లేదు. ఎంతసేపు ఊగాలో చెప్పే అంకె నలభై ఒకటో లైన్లో మూడు వందలుంటుంది, దాన్ని ఐదు వందలు చెయ్యమన్నాను. టకటకా కీలు నొక్కిన చప్పుడు. తర్వాత ఎవరో మా టీమ్ నంబరు పిలిచారు. పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. ఫోన్ ఎక్కడో కింద పెట్టినట్టుంది. మోటార్ల రొద, జనం గోల, కెప్టెన్ అరుపు అన్నీ కలిసి వినిపిస్తున్నాయి. తడి బట్ట చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. రొద ఆగింది. ఒక్కసారిగా చప్పట్లు.

మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. రొప్పుతోంది. దూరం నుంచి ఒక పెద్దాయన గొంతు, ఎవరమ్మా ఫోన్లో అని అడిగింది.

"దీనికి ప్రోగ్రాం రాసిన పిల్ల నాన్నా," అంది.

నేను ఏదో అనబోయాను. నన్ను అననివ్వలేదు.

"నాకింకా కోపం పోలేదు. ఫోన్ మాత్రం పెట్టేయకు, ఇంకో రన్ ఉంది."